బతుకమ్మ సంచికలో ఆ పేజీ ఏమైంది?

ఇక్కడ అమెరికాలో మన సంఘం వేసే పత్రిక బతుకమ్మ ప్రత్యేక సంచిక ఈసారి అందరి ఇళ్లకీ చేరే ఉంటుంది. అట్ట మీద తంగేడు పూల ఫొటో చాలా బాగుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే ఈమెకి అన్నిట్లో వంకలే అంటారు. లోపల 23వ పేజీ తీయండి. షాద్‌నగర్ దగ్గర ఫార్మ్ ప్లాట్లు, బెంగళూరు హైవే నుంచి పది నిమిషాలే, క్లియర్ టైటిల్, ఎన్నారైలకి ప్రత్యేక ధర, మామిడి మొక్కలు ఫ్రీ. ఆ పేజీలో రావాల్సింది ఒక కాలమ్. చాలా ఏళ్లుగా తెలుగు పత్రికల్లో ఆడవాళ్ల మీద హింస గురించి, ఆస్తి హక్కుల గురించి, కులం గురించి రాస్తున్న ఒక కాలమిస్టుని మనమే అడిగాం, అడగడమేంటి, మూడు నెలలు వెంటపడి రాయించుకున్నాం. ఆమెది మన వైపే, పాలమూరు. డబ్బులు కూడా అడగలేదు. చెప్పిన టైముకి పంపింది, డీటీపీ అయింది, ప్రూఫ్ నేనే చూశాను. ప్రింట్‌కి వెళ్లే ముందు రోజు రాత్రి కమిటీ జూమ్ మీటింగ్‌లో తీసేశారు. ఆమె పేరు ఇక్కడ రాయట్లేదు, ఈ గొడవలోకి ఆమెని లాగడం నాకిష్టం లేదు.

ఏం రాసింది అంత తీసేయాల్సింది? అమెరికా సంబంధాల గురించి రాసింది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కూతురికి అమెరికా సంబంధం కుదరగానే తండ్రి మొదట చూసేది హైవే పక్కన ఉన్న పొలం వంకే అని, అది అమ్మితే వచ్చిన డబ్బు కట్నంగా అబ్బాయి వాళ్లకి పోతుందని, పెళ్లయిన కొన్నేళ్లకి అదే అబ్బాయి అదే హైవే మీద తన పేరున ప్లాటు కొంటాడని, మధ్యలో అమ్మాయి పేరు మీద ఒక్క గుంట కూడా ఉండదని. అంతే విషయం. దానికి చట్టం కూడా జోడించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, అది 1985 సెప్టెంబర్ నుంచే అమల్లో ఉంది, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లందరికీ వర్తించింది. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. అంటే ఇరవై ఏళ్లు ముందున్నాం. కట్నం తీసుకోవడం నేరమని చట్టం 1961 నుంచి ఉంది. ఇవన్నీ ఉన్నా మన పెళ్లి మాటల్లో "అమ్మాయి వాటా ఏది" అని ఎవరూ అడగరు, "ఏం పెడుతున్నారు" అనే అడుగుతారు. ఆ కాలమ్ తీసేసి దాని స్థానంలో ఆ ప్లాట్ల యాడ్ వేశాం. ఎవరూ కావాలని చేసింది కాదు, స్పాన్సర్ ఆలస్యంగా వచ్చారు, పేజీ ఖాళీగా ఉంది, పెట్టేశారు. కావాలని చేసినా ఇంత కుదిరేది కాదు.

మీటింగ్‌లో అన్న మాటలు రాస్తాను, ఎవరన్నారో రాయను. "పండగ పూట గిదేందక్కా, అందరం సంతోషంగ ఉండే టైంల" అన్నాడు ఒక తమ్ముడు. మంచి పిల్లాడే, ప్రతి బతుకమ్మకి హాల్లో కుర్చీలు వేసేదీ తీసేదీ అతనే. ఇంకొకాయన పాజిటివ్‌గా ఉండేవి వేద్దాం, మహిళల విజయగాథలు అడగండి ఆమెని, అన్నారు. ఒక వదిన మా ఆడపడుచు పెళ్లి మొన్ననే అయింది, ఇది నా మీద రాసినట్టు అనుకుంటారు అంది, పాపం ఆమె టెన్షన్ ఆమెది. చివరికి ఒక పెద్దాయన మన సంఘం 501(సి)(3), అంటే అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సంస్థ, ఇలాంటి రాజకీయాలు మనం వేయకూడదు, స్టేటస్ పోతుంది అన్నారు. దాంతో అందరూ గప్‌చుప్. ఓటింగ్ లేదు ఏం లేదు, కన్సెన్సస్ అన్నారు.

ఆ 501(సి)(3) సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే మన సంఘాల్లో ఎవరికైనా నోరు మూయించాలంటే అది తీస్తారు. ఆ హోదా ఉన్న సంస్థ ఎన్నికల్లో ఫలానా అభ్యర్థిని గెలిపించండి, ఓడించండి అనకూడదు. కట్నం తప్పు అని రాస్తే పన్నుల శాఖ, అదే ఐఆర్ఎస్, ఏమీ రాదు. ఊరి నుంచి ఎమ్మెల్యేలు వస్తే స్టేజి ఎక్కించి శాలువాలు కప్పి, వాళ్ల పార్టీ పాటలు పెట్టి డాన్సులు చేసినప్పుడు మాత్రం ఆ నంబరు ఎవరికీ గుర్తు రాదు.

నన్ను ఎక్కువ పొడిచింది వేరే మాట. "ఈ ఫెమినిజం కాలమ్స్ అవీ మన తెలంగాణ కల్చర్ కాదు" అని ఒకరు అన్నారు. అన్నవాళ్లది నల్గొండే. అప్పటి నుంచి నాకు మా పెద్దమ్మే గుర్తొస్తోంది, కొంచెం పొడుగవుతుంది కానీ చెప్తాను.

మా పెద్దమ్మది దేవరకొండ పక్కన ఊరు. ఏడో తరగతి దాకా చదివింది, ఆ కాలానికి మా వైపు ఆడపిల్లకి అది పెద్ద చదువే. పెదనాయిన బోరు మోటరు స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టి పోయాడు, అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లు కూడా లేవు, ఒక్కతే బిడ్డ. ఆయన వాటాకి వచ్చిన రెండెకరాల చెలక కాగితాల్లో ఎప్పటి నుంచో మరిది పేరు మీద ఉంది. "తిండి పెడుతున్నం గద, భూమి ఎందుకు నీకు" అనేవాళ్లు. తిండి పెట్టిన మాట నిజమే, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఇంట్లో పని చేసిందీ నిజమే.

ఊళ్లోకి పేపరు దేవరకొండ నుంచి వచ్చే మొదటి బస్సులో వచ్చేది. కండక్టర్ కట్ట విసిరేస్తే హోటల్ పిల్లగాడు తెచ్చి బల్ల మీద వేసేవాడు, మగవాళ్లు షీటుకొకరు చొప్పున విడదీసుకుని చదివేవాళ్లు. ఆడవాళ్ల పేజీ, ఆదివారం అనుబంధం, హోటలాయన తెప్పించే వారపత్రిక, ఇవి ఎవరికీ పట్టేవి కావు, సాయంత్రానికి మిర్చి బజ్జీల పొట్లాలయ్యేవి. పెద్దమ్మ హోటలాయన భార్యతో బేరం పెట్టుకుంది. ఆ పేజీలు బజ్జీలకి వాడకుండా దాచిపెడితే అంతే బరువు కాగితం తాను బదులిస్తుంది. ఆ కాగితం ఎక్కడిదనుకున్నారు, సెలవులకి వెళ్లినప్పుడు నేను తీసుకెళ్లే నా పాత నోటుబుక్కులు. నా ఆరో తరగతి లెక్కలన్నీ ఆ ఊరి బజ్జీల నూనె పీల్చాయి.

ఆ పేజీలు ఒక్కతే చదువుకునేది కాదు. ఆముదాలు కొట్టే రోజుల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు వాకిట్లో కూర్చుంటే మధ్యలో ఆపి చదివి వినిపించేది. వంటల భాగం వచ్చేసరికి "మనకు కాజు ఎక్కడిదే" అని దాటేసేది. ప్రశ్నలు జవాబుల శీర్షిక వస్తే మాత్రం అందరి చేతులూ ఆగిపోయేవి. ఎక్కడో బందరులోనో కర్నూలులోనో ఒకామె నా భర్త ఇలా చేస్తున్నాడు అని రాసేది, పెద్దమ్మ జవాబు చదవకుండా ఆపి "ఏం జెయ్యాలె చెప్పుండ్రి" అని అడిగేది, వీళ్లు తలా ఒకటి చెప్పేవాళ్లు, అప్పుడు అసలు జవాబు చదివేది. పేపరామె తప్పు చెప్పిందని తీర్మానించిన రోజులు కూడా ఉన్నాయి.

ఒక ఎండాకాలం నాతో ఒక ఉత్తరం రాయించింది, నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని. భర్త పోయిన ఆడదానికి అత్తింటి భూమిలో హక్కు ఉంటుందా ఉండదా. పేరు రాయొద్దంది, "ఒక సోదరి, నల్గొండ జిల్లా" అని రాయమంది. నెలలు గడిచాక జవాబు వచ్చింది. 1956 వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటా భార్యకీ, పిల్లలకీ, అతని తల్లికీ సమానంగా వస్తుంది, భార్య వాటా ఆమె సొంతం, అమ్ముకోవచ్చు కూడా, మండల కార్యాలయానికి వెళ్లి అర్జీ పెట్టుకోండి అని ఆరేడు లైన్లు. అత్తకి కూడా ఒక భాగం పోతుందన్న ముక్క పెద్దమ్మకి అస్సలు నచ్చలేదు, పేపరామె ముసలిదాని పక్షం చేరిందని గొణుక్కుంది. కానీ ఆ ముక్క కత్తిరించి పాల ప్యాకెట్ కవర్లో పెట్టి సందుకలో బట్టల కింద దాచింది. పంచాయితీ రోజు అది తీసి పెద్దమనుషుల ముందు పెడితే ఒకాయన "పేపర్ల రాసినోళ్లు వచ్చి దున్నుతరా" అన్నాడట, అందరూ నవ్వారట. ఆమె అక్కడే కూర్చుంది, లేవలేదు. చీకటి పడేదాకా కూర్చుంటే ఒక ఎకరం ఇస్తామన్నారు. రెండో ఎకరం రానే లేదు. వచ్చిన ఎకరం కూడా అక్క పెళ్లికి అమ్మేసింది, అబ్బాయికి ఆర్టీసీలో ఉద్యోగం.

కాబట్టి ఆ కాలమ్ వల్ల మా పెద్దమ్మ జీవితం మారిపోయిందని నేను చెప్పడం లేదు. ఆరేడు లైన్లకి ఒక ఎకరం వచ్చింది, అది కొన్నేళ్లు ఆమె పేరు మీద ఉంది, ఆ కొన్నేళ్లు ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే తీరు మారింది, ఇది నేను కళ్లారా చూశాను. మరిది భార్య "అక్కా" అని పిలవడం అప్పుడే మొదలుపెట్టింది.

ఇది మన కల్చర్ కాదు అన్నవాళ్లకి ఇంకో సంగతి. నల్గొండ నుంచి నీలగిరి పత్రిక 1922లోనే వచ్చింది, నిజాం కాలంలో, తెలుగు బడికే దిక్కులేని రోజుల్లో. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టింది 1926లో. 1931లో దేవరకొండలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది, దానికి అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు, అది అందరికీ తెలుసు. దాని పక్కనే ఆడవాళ్ల సభ కూడా జరిగింది, టి. వరలక్ష్మమ్మ అధ్యక్షత వహించారు, అది ఎవరూ చెప్పరు. ఆ మహిళా సభలు ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు, వితంతువుల పెళ్లిళ్ల గురించి మాట్లాడాయి. ఇంకా వెనక్కి వెళితే 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల రాసిన, 1902లో హిందూసుందరి పత్రికలో కథలు రాసిన భండారు అచ్చమాంబ చిన్నతనం కొంత గడిచింది కూడా దేవరకొండలోనే. ఇవన్నీ మా పెద్దమ్మకి తెలియవు. నాకూ స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అదే దేవరకొండలో పెరిగిన మేము లంబాడా తండాల్లో ఆడశిశువులని అమ్ముకుంటున్నారన్న వార్తల్లోనే మా ఊరి పేరు పేపర్లో చూశాం.

కోస్తా వైపు కనుపర్తి వరలక్ష్మమ్మ అప్పటికే లీలావతి అన్న మారుపేరుతో ఆంధ్రపత్రిక వారపత్రికలో మా చెట్టు నీడ ముచ్చట్లు రాసేవారు, తర్వాత 1928 నుంచి గృహలక్ష్మిలో శారద లేఖలు. స్నేహితురాలికి ఉత్తరాలు రాసినట్టు రాస్తూ బాల్యవివాహాలని ఆపే శారదా చట్టం గురించీ విడాకుల గురించీ అంటరానితనం గురించీ ఇంట్లో ఆడవాళ్లకి చెప్పేశారు. తర్వాత ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ ప్రమదావనం దశాబ్దాల పాటు నడిచింది, అందులో ఊరగాయ నుంచి ఉద్యోగం దాకా అన్నీ ఉండేవి, మా అమ్మ ఆ పేజీ కోసమే పక్కింటికి వెళ్లేది. 1993 నుంచి భూమిక వస్తోంది, కొండవీటి సత్యవతి గారి సంపాదకత్వంలో, పూర్తిగా స్త్రీవాద పత్రికగానే. మన తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు ఏం చేశారో 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరూ తిరిగి అడిగి పుస్తకం వేసేదాకా నల్గొండ పోరాటమంటే మగవాళ్ల ఫొటోలే. మల్లు స్వరాజ్యం గారు 2022లో పోయినప్పుడు మన సంఘం సంతాప సభ పెట్టింది, బాగా జరిగింది, ఆమె తుపాకీ పట్టుకున్న సంగతి అందరూ చెప్పారు. ఆమె ఈ సంచికకి ఆర్టికల్ పంపి ఉంటే 501(సి)(3) అనేవాళ్లమా అన్నది నా అనుమానం.

ఇప్పుడు షాద్‌నగర్ గురించి. ఆ యాడ్‌లో మ్యాప్ చూసినప్పుడు నాకు ప్లాట్లు కనపడలేదు. చటాన్‌పల్లి అక్కడే కదా. 2019 నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఆ డాక్టరమ్మాయిని ఎత్తుకుపోయి చంపి, చటాన్‌పల్లి బ్రిడ్జి కింద కాల్చేశారు. మనం ఇక్కడ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం, చలిలో పిల్లల్ని తీసుకుని మరీ వచ్చారు జనం, అది నేను ఎప్పటికీ చిన్నచూపు చూడను. డిసెంబర్ 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులని పోలీసులు కాల్చేశారు. అక్కడ పోలీసుల మీద పూలు చల్లారు, ఇక్కడ మన వాట్సాప్ గ్రూపుల్లో లడ్డూల ఫొటోలు. ఆ రోజే హైదరాబాద్‌లో కొంతమంది ఆడవాళ్లు, మహిళా సంఘాల వాళ్లు, పత్రికల్లో రాసేవాళ్లు, హైకోర్టుకి ఉత్తరం రాశారు, ఇది న్యాయం కాదు, విచారణ జరగాలి, శవాలని భద్రపరచాలి అని. కోర్టు విన్నది కూడా. వాళ్లని ఎన్నెన్ని మాటలన్నారో, మీ ఇంట్లో ఆడపిల్లకి జరిగితే తెలుస్తుంది అని ఎంతమంది శాపాలు పెట్టారో మీకు గుర్తుండే ఉంటుంది, మన గ్రూపులో కూడా పెట్టారు. ఆడదాని పక్షాన ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లకి ఆడదాని బాధ తెలియదని మనం చెప్పాం.

2022 మేలో సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని చెప్పింది. వాళ్లు మన నారాయణపేట జిల్లా మక్తల్ మండలం వాళ్లు, లారీల మీద పనిచేసే పిల్లలు, ఒకతని భార్య అప్పటికి గర్భవతి. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది కోర్టు చెప్పాల్సింది, ఇక ఎప్పటికీ చెప్పదు. ఆ నివేదిక వచ్చిన రోజు మన గ్రూపులో క్రికెట్ నడుస్తోంది. అదే 2019 నవంబర్ చివర్లో ఆసిఫాబాద్ వైపు గిన్నెలూ బెలూన్లూ అమ్ముకునే ఒక దళిత మహిళని అత్యాచారం చేసి చంపేశారు, దాని కోసం మనం కొవ్వొత్తి వెలిగించలేదు. ఆ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి ఎందుకిలా అని అడిగింది కాలమిస్టులే. అంతకు ఏడాది ముందు 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భిణి భార్య కళ్ల ముందే, ఆసుపత్రి బయట, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపించినప్పుడు కూడా "ఆ అమ్మాయి తండ్రి బాధ కూడా అర్థం చేసుకోవాలి" అన్న మాట మన పార్టీల్లో బిర్యానీ ప్లేటు పట్టుకుని అన్నవాళ్లున్నారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. నా మటుకు నాకు ఉరిశిక్ష మీద కూడా సందేహమే, అది ఇంకోసారి.

ఇదంతా చదివి నేను ఈ కాలమిస్టులని నెత్తిన పెట్టుకున్నానని అనుకోకండి. నాకు వీళ్లతో పేచీలు చాలా ఉన్నాయి. తొంభైల్లో సారా ఉద్యమం గురించి రాసినప్పుడు, 1992లో నెల్లూరు దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా కదిలించిన గొప్ప ఉద్యమమే అది, కొందరు సారానీ కల్లునీ ఒకే గాటన కట్టేశారు. మా వైపు కల్లు లేకుండా పెళ్లి లేదు, చావు లేదు, బోనం లేదు, దాని మీద గౌడ్ల ఇళ్లు ఎన్ని బతుకుతున్నాయో నల్గొండ రోడ్డు మీద ఒకసారి వెళితే తెలుస్తుంది. పేజీలో కూర్చుని తీర్పులు చెప్పే అలవాటు కొందరికి ఉంది. అన్నిటికంటే పెద్దది, చాలా ఏళ్లు ఈ కాలమ్స్‌లో ఆడవాళ్లంటే ఇంటి పని, వంటిల్లు, మొగుడు, ఇవే. పొలంలో, ఊరి బయట వాడలో ఉన్న ఆడవాళ్లకి మొగుడి కంటే ముందు దొర ఉన్నాడు, కులం ఉంది. ఆ మాట గట్టిగా అనడానికి జూపాక సుభద్ర, తాండూరు దగ్గర పెద్దేముల్ నుంచి వచ్చిన గోగు శ్యామల లాంటివాళ్లు రావాల్సి వచ్చింది, 2003లో దళిత ఆడవాళ్ల రచనలన్నీ నల్లపొద్దు అని విడిగా వేసుకోవాల్సి వచ్చింది. మా ఊళ్లో మాదిగవాడ బతుకమ్మలు చెరువు ఇవతలి గట్టు మీదికి నా చిన్నప్పుడు వచ్చేవి కావు. పెద్దమ్మ చదివే పేపరు వినడానికి వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లలో వాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, ఒకామె ఉండేది, గడప బయట రాయి మీద.

మన కమిటీకి కూడా నేను అన్యాయం చేయను. ఏడాదికి రెండు సంచికలు, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని తెచ్చేవాళ్లు, స్పాన్సర్ లేకపోతే పోస్టేజీకే డబ్బులుండవు. నెలంతా లేఆఫుల భయంలో, వీసా స్టాంపింగుల గోలలో బతికి, పండగ రోజైనా ఏ గొడవా లేకుండా ఆడుకుందామనుకోవడం తప్పేమీ కాదు. పెరట్లో గునుగు విత్తనాలు వేసి, ఆగస్టు నుంచి నీళ్లు పోసి పెంచి, రంగులద్ది బతుకమ్మ పేర్చే మన ఆడవాళ్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, ఊళ్లో కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ పేర్చట్లేదు ఇప్పుడు.

కానీ ఆ కాలమ్‌లో రెండో సగం కూడా ఉంది, దాని గురించి మీటింగ్‌లో ఎవరూ మాట్లాడనే లేదు. భర్త పోయిన ఆడవాళ్లు బతుకమ్మలో ఎక్కడ నిలబడతారు అన్నది. ఈ ఏడాది మన హాల్లో ఏం జరిగిందో చూడండి. వనపర్తి నుంచి ఒకమ్మ వచ్చింది, కొడుకు దగ్గరికి, విజిటర్ వీసా మీద. ఆరు వారాల పాటు ఒక ఇంటి గరాజ్‌లో మన పిల్లలకి పాటలు నేర్పింది ఆమే. స్పీకర్‌లో వేసే పాట తప్ప ఇంకోటి రాని మనకి, పాట ఎత్తుకుంటే గంట సేపు ఆపకుండా పాడే మనిషి దొరికింది. ఆ రోజు మధ్యాహ్నం పెద్ద బతుకమ్మ వరసలు పేర్చింది కూడా ఆమే, తామర్లకి బదులు స్టోర్‌లో దొరికిన చామంతులు ఎలా దూర్చాలో చూపించింది. తీరా పైన పసుపు గౌరమ్మని పెట్టే సమయానికి చేతులు తుడుచుకుని, "మీరు పెట్టుండ్రమ్మా" అని వెనక్కి వెళ్లి గోడ పక్కన ఫోల్డింగ్ కుర్చీలో కూర్చుంది. పసుపు కుంకుమల ప్లేటు పట్టుకుని వరసన వెళ్తున్న అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఆమె దగ్గర ఆగింది. వెనక నుంచి ఎవరో మోచేత్తో చిన్నగా ముందుకి నెట్టారు. అంతే, ప్లేటు పక్క కుర్చీకి వెళ్లిపోయింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు, అవమానించాలని ఎవరికీ లేదు. ఆ పిల్లకి మాత్రం ఆ మోచెయ్యితో ఒక పాఠం అయిపోయింది, దానికి జవాబు చెప్పే కాగితం ఒక్కటి మన సంచికలో ఉండి ఉంటే ఇంటికెళ్లి అమ్మని అడిగేదేమో. విజయగాథలు వేద్దాం, తప్పకుండా వేద్దాం, ఆ అమ్మ ఆరు వారాలు నేర్పిన పాటల గురించి కూడా వేద్దాం, కానీ ఆ ప్లేటు ఎందుకు ఆగలేదో కూడా పక్కన ఉండాలి కదా.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి సంచికలో ఒక పేజీ, మన నల్గొండ, పాలమూరు వైపు నుంచి రాసే ఆడవాళ్లకి ఇవ్వండి. రాసినదాంట్లో మాట తీసేయాలంటే ముందు వాళ్లని అడగండి, అడక్కుండా తీయకండి. ఎవరైనా ఒప్పుకోకపోతే తర్వాతి సంచికలో జవాబు రాయండి, పత్రిక ఉన్నది అందుకే. ఇంకోటి, డబ్బులు ఇవ్వండి. పాటలు పాడేవాళ్లకి విమానం టికెట్లు, హోటల్, పారితోషికం, అన్నీ ఇస్తాం. రాసేవాళ్లకి శాలువా. మండలాల్లో పనిచేసే విలేకరుల్లో ఆడవాళ్లు ఎంత తక్కువమందో, ఉన్నవాళ్లు అచ్చయిన లైనుకి ఇంత అని ఇచ్చే లైన్ ఎకౌంట్ మీద ఎంత తక్కువకి పనిచేస్తారో ఊళ్లో తెలిసినవాళ్లని అడగండి. ఒక పేజీకి మనం ఇవ్వగలిగే వంద డాలర్లు అక్కడ ఒక నెల పెట్రోలు.

కాలమ్ తీసేశామని ఆమెకి ఫోన్ చేసి చెప్పింది నేనే, కమిటీలో ఇంకెవరూ చేయలేదు. కోపంగా లేదు. ఇలాంటివి అలవాటేనంది, ఆంధ్రలో ఒక ఎడిటర్, తెలంగాణలో ఒక ఎడిటర్ ఇదే మాట చెప్పారు, ఇప్పుడు అమెరికా కూడా అయింది అని నవ్వింది. సంక్రాంతికి ఇంకోటి రాయనా అని అడిగింది. మక్తల్, ఊట్కూరు వైపు, దేవుడికి అంకితం చేసిన జోగినుల పిల్లలు బడిలో చేరేటప్పుడు తండ్రి పేరు దగ్గర ఏం రాయిస్తున్నారు, 1988లో జోగినీ వ్యవస్థని నిషేధిస్తూ చట్టం వచ్చాక కూడా ఆ గడి ఆ పిల్లల్ని ఎలా వేధిస్తోంది, దాని మీద. రాయండి అన్నాను, కమిటీని అడక్కుండానే. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి సంక్రాంతి సంచిక మీటింగ్ ఉంది, జూమ్ లింక్ గ్రూపులో పెట్టారు, సభ్యులు ఎవరైనా రావచ్చు, కెమెరా ఆన్ చేయకపోయినా ఫరవాలేదు.